భుజం మీది తేదీ

"ఏదో ఒకటి దొరికేదాకా అక్కణ్ణుంచి కదలకు," అన్నాడు మా మేనేజరు డ్వేన్, వ్యాను తాళాలు నా ముందుకు తోస్తూ. "ముప్ఫై ఏళ్ళ పాత షాపు. దొరక్కుండా ఎలా ఉంటుంది?"

నేను ఆ గ్యాసు కంపెనీలో చేరి అప్పటికి నాలుగు నెలలు. ఇంకో రెండు నెలలు గడిస్తేగాని ఉద్యోగం ఖాయం కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. నాన్నకి నలభై ఆవులు. అమ్మ చీజు ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. పారిశ్రామిక భద్రత చదివాననీ, చదివినదానికి తగ్గ ఉద్యోగమే వచ్చిందనీ అమ్మ నా గుర్తింపు కార్డుని ఫోటో తీసి ఫ్రిజ్జు తలుపుకి అంటించుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప నాకు వేరే ఆలోచన ఉండేది కాదు.

నా పని ఇదీ. మా కంపెనీ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ని ద్రవరూపంలో టోకున కొని, చిన్న సిలిండర్లలో నింపి ఇచ్చే షాపులకి వెళ్ళాలి. గొట్టాలు, వాల్వులు, తూకం, రికార్డులు చూడాలి. ఫారం నింపి సంతకం పెట్టాలి. లోపం ఉందని నేను రాస్తే, అది సరిచేసేదాకా ఆ షాపుకి మా ట్యాంకరు వెళ్ళదు. వాళ్ళతో మేము చేసుకున్న ఒప్పందంలో ఆ మాట ఉంది.

ఇర్మా ట్రౌట్‌మన్ షాపంటే డ్వేన్‌కి ఎందుకంత పట్టుదలో నాకు తెలియకపోలేదు. ఆవిడది మంటలార్పే సిలిండర్ల షాపు. స్కూళ్ళకీ చర్చిలకీ రెస్టారెంట్లకీ ఆ ఎర్ర సిలిండర్లు నింపి ఇవ్వడం అసలు పని. కానీ వినెబాగో సరస్సు చుట్టుపక్కల ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళంతా గ్యాసుకి ఆవిడ దగ్గరికే వెళ్తారు. బీరుని సీసాల్లో పోసి దాచుకునేవాళ్ళకి గ్యాసుతో పనిలేదు. స్టీలు పీపాల్లో పోసి కుళాయి బిగించుకునేవాళ్ళకి మాత్రం అది లేకపోతే బీరు పీపా దాటి బయటికి రాదు, వచ్చినా నురగ లేకుండా చప్పగా ఉంటుంది. ఇర్మా మన సిలిండరే, మనం చూస్తుండగా, పది నిమిషాల్లో నింపి మన చేతికే ఇస్తుంది.

మా కంపెనీ పద్ధతి వేరు. రెండేళ్ళ కిందట డిపో వెనక ఓ ఇనప బోను పెట్టారు. ఖాళీ సిలిండరు ఇచ్చి బోనులోంచి నిండుది పట్టుకుపోవాలి. ఏది వస్తే అదే. అద్దంలా మెరిసే కొత్త అల్యూమినియం సిలిండరు ఇచ్చినవాడికి తాతల నాటి ఇనప ముద్ద రావచ్చు. బీరు కాచేవాళ్ళు ఒకసారి వచ్చి, చూసి, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. ఇర్మా షాపు మూతపడితే వాళ్ళే దారికొస్తారని డ్వేన్ లెక్క.

ఏప్రిల్ మొదట్లో ఓ మంగళవారం పొద్దున్న, సరస్సు మీద మంచు ఇంకా పెళ్ళలుగా ఒడ్డుకి కొట్టుకొస్తుండగా, నేను ఆ షాపు ముందు వ్యాను ఆపాను.

లోపల డెబ్బై దాటిన పొట్టి మనిషి, మగవాళ్ళ నీలం పనిబట్టల్లో, బల్ల మీద ఓ వాల్వుని విప్పుతోంది. తలెత్తకుండానే, "బూట్లు తుడుచుకుని రా," అంది.

తుడుచుకున్నాను. "నమస్తే అండీ. నా పేరు కార్లా డొంబ్రోవ్‌స్కీ. గ్యాసు కంపెనీ నుంచి తనిఖీకి..."

"ఏ డొంబ్రోవ్‌స్కీలు? ఆవులున్నవాళ్ళా, తాగి కార్లు చెట్లకి గుద్దేవాళ్ళా?"

"ఆవులున్నవాళ్ళం."

"వాళ్ళూ గుద్దుతార్లే, కాకపోతే ట్రాక్టర్లతో." స్పానరు పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇదివరకొచ్చేవాడు పది నిమిషాల్లో కాఫీ తాగి సంతకం పెట్టి పోయేవాడు. నువ్వు ఎంతసేపుంటావు?"

"అన్నీ చూసేదాకా అండీ."

"చూడు. దేన్నీ విరగ్గొట్టకు."

మూడు గంటలు చూశాను. పెద్ద ట్యాంకుకి గొలుసు బిగువుగా ఉంది. గొట్టాలు మార్చిన తేదీలు చీటీల మీద ఉన్నాయి. గదిలో గ్యాసు పెరిగితే మోగే గంట మోగింది, ఇర్మా చెవులు మూసుకుని నన్ను తిట్టింది. రికార్డు పుస్తకాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఒక్కో సిలిండరుకీ ఒక్కో వరుస: ఎవరిది, నంబరెంత, ఖాళీ బరువెంత, నింపాక ఎంత, భుజం మీద తేదీ ఎప్పటిది. వాల్వు కింద సిలిండరు వంపు తిరిగేచోటుని ఈ పనిలో అందరూ భుజమనే అంటారు. ఐదేళ్ళకోసారి సిలిండరుని నీటి ఒత్తిడితో పరీక్షించి, తట్టుకుంటే ఆ నెలా సంవత్సరమూ భుజం మీద గుద్దుతారు. ఆ తేదీకి ఐదేళ్ళు నిండిపోతే, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా దాన్ని నింపకూడదు. చదువులో నాకు మొదటి వారం నేర్పింది అదే. ఆ పుస్తకాల్లో తేదీ దాటిన సిలిండరు నింపినట్టు ఒక్క వరుస కూడా కనిపించలేదు. తిప్పి పంపేసినవి మాత్రం వందల్లో ఉన్నాయి, ఎర్ర సిరాతో.

ఆఖరికి సిలిండర్లు తూచే తూకం దగ్గరికొచ్చాను. పక్కనే, తూకం సరైనదేనని కౌంటీ తూనికల అధికారి అంటించిన చీటీ ఉంది. దాని గడువు పదకొండు రోజుల కిందట తీరిపోయింది.

చూడగానే నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు? పని అయిపోయింది, డ్వేన్‌కి చెప్పుకోవడానికి ఒకటి దొరికింది అనుకున్నాను. ఆ సంతోషం ఓ నిమిషమే ఉంది.

"ఇర్మా గారూ, ఈ తూకం..."

"తెలుసు. పాత అధికారి జనవరిలో రిటైరయ్యాడు. కొత్తవాడు ఇంకా ఇటు రాలేదు. రెండుసార్లు ఫోను చేశాను. ఆ ఆఫీసులో ఫోనెత్తే పిల్ల పేరు రాసుకున్నానంటుంది, అంతే."

వ్యానులోంచి నా దగ్గరున్న ప్రమాణ తూకపురాళ్ళు తెచ్చి పెట్టాను. పది పౌండ్లకి పది చూపించింది. ఇరవైకి ఇరవై. గోరంత తేడా లేదు.

"తూకం సరిగ్గానే ఉంది. చీటీ మాత్రం లేదు," అన్నాను.

"అయితే అదే రాయి."

"రాస్తే లోపం కిందే లెక్క. గురువారం ట్యాంకరు రాదు. మీ ట్యాంకులో ఎంతుంది?"

"శనివారం దాకా వస్తుంది, కష్టమ్మీద." ఆవిడ చేతులు గుడ్డకి తుడుచుకుంది. "చూడమ్మాయ్, ఉన్నది రాయొద్దని నిన్ను బతిమాలతాననుకున్నావేమో. బతిమాలను. ఉన్నది రాయి. లేనిది ఒక్క అక్షరం రాశావో, ఈ స్పానరు బరువు కూడా నీకు చూపిస్తాను."

నేను ఫారం తీసి, మొదటి వరుసలో అదే రాశాను. తూకం సరిగ్గా చూపిస్తోందని కూడా రాశాను.

అప్పుడు తలుపు గంట మోగింది. చేతికర్రతో కుంటుతూ ఓ పెద్దమనిషి, చంకలో బూడిదరంగు సిలిండరుతో లోపలికొచ్చాడు.

"ఇర్మా, నింపు త్వరగా. శనివారం బీరు క్లబ్బు వాళ్ళంతా మా గరాజుకొస్తున్నారు. రెండు పీపాల ముదురు బీరు చలికాలమంతా పడుకోబెట్టాను, ఇప్పుడు కుళాయి తిప్పితే ముసలాడి దగ్గులా చుక్క చుక్క పడుతోంది."

"ఇదెక్కడిది రోలీ? నీ సిలిండరేది?"

అతని ముఖం ముడుచుకుపోయింది. రోలీ ఫెన్‌స్కే ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు. కిందటి నెల తుంటి ఎముక ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పాపం భర్తకి ఉపకారం చేద్దామని భార్య ఆర్డిస్ ఆయన ఖాళీ సిలిండరు పట్టుకెళ్ళి మా బోనులో ఇచ్చి, ఇది తెచ్చింది. నెల తిరక్కుండానే ఇదీ ఖాళీ అయింది.

"పద్నాలుగేళ్ళు వాడాను దాన్ని. అల్యూమినియం. చుట్టూ నేను తాగొచ్చిన ప్రతి ఊరి బొమ్మా అంటించుకున్నాను. ఇచ్చేసొచ్చింది. 'ఇదీ గ్యాసే కదా రోలీ' అంటుంది. రాత్రికి మంచంలో పక్కింటివాణ్ణి తెచ్చి పడుకోబెడితే, 'వీడూ మొగుడే కదా' అంటానా నేను?"

"ఆర్డిస్‌ని అడిగి చూడు, ఒప్పుకుంటుందేమో," అంది ఇర్మా. సిలిండరుని బల్ల మీద పెట్టి వాల్వు చుట్టూ వేలు తిప్పింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇది నేను నింపను."

"ఏం? ఖాళీదే, తూచి చూడు."

"దీనికి భుజమేది? ఇంత మందంగా పెయింటు గోడక్కూడా వెయ్యరు. తేదీ ఎక్కడుందో చూపించు, అప్పుడు నింపుతాను."

రోలీ కళ్ళజోడు పైకి జరుపుకుని వెతికాడు. కనపడలేదు. ఇర్మా ఓ మొద్దు కత్తీ, పెయింటు కరిగించే మందులో ముంచిన గుడ్డా తీసుకుంది. పెయింటు పొరలు పొరలుగా లేచింది. కింద అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మార్చి. ఏడేళ్ళ కిందటి మార్చి.

నేను ముందుకు వంగి చూశాను. తేదీ దాటి రెండేళ్ళు. సిలిండరు మెడకి మా కంపెనీ చీటీ ఇంకా అంటుకునే ఉంది. నింపిన తేదీ దాని మీద అచ్చు వేసి ఉంది: కిందటి నెల పన్నెండు.

"రెండేళ్ళేగా ఇర్మా," అన్నాడు రోలీ. "నా తుంటి ఎముక డెబ్బై ఏళ్ళు దాటింది. దాన్నెవడైనా పరీక్ష చేశాడా?"

"చేశాడు. తప్పింది. తీసి కొత్తది పెట్టాడు."

"ఇరవై ఏళ్ళుగా నీ దగ్గరికే వస్తున్నాను..."

"అందుకే చెప్తున్నాను. తేదీ దాటింది ఒక్కటి నింపగా చూశావా ఈ ఇరవై ఏళ్ళలో? మా అన్నయ్యదే నింపలేదు. క్రిస్మస్‌కి ముందు రోజు ఫాదరుగారిదీ నింపలేదు, ఆయన నా మీద ప్రార్థన చేస్తానన్నా సరే." ఆవిడ నా వైపు తిరిగింది. "ఏమ్మా తనిఖీ. మీ కంపెనీదే ఇది. నన్ను నింపమంటావా?"

"వద్దు," అన్నాను.

"ఎందుకు?"

"లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి ఎనిమిది వందల పౌండ్లు దాటుతుంది. ఎండలో కారులో పెడితే ఇంకా పెరుగుతుంది. సిలిండరు గోడ లోపల తుప్పు పట్టి పలచబడిందో లేదో పరీక్ష చేస్తేనే తెలిసేది." పరీక్ష హాల్లో జవాబు చెప్పినట్టు చెప్పాను. చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. కంపెనీవాళ్ళు దీన్ని నింపారు. ఒత్తిడి గురించి తెలిసినవాళ్ళే, పెయింటు కింద ఏముందో చూడకుండా నింపారు. చూసి నింపారేమో కూడా. రోలీ గారి భార్య దాన్ని కారు వెనక సీట్లో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

ఫారంలో తొమ్మిదో గడి ఉంటుంది: తనిఖీ సమయంలో కంటపడిన, నింపకూడని సిలిండర్ల వివరాలు. ఎవరూ దాన్ని నింపగా నేను చూడలేదు. సిలిండరు నంబరు, గుద్దిన తేదీ, పెయింటు సంగతి, మా చీటీ మీది తేదీ అన్నీ రాశాను. ఫోటోలు తీశాను. సంతకం పెట్టాను. ఆ ఫారం మూడు కాగితాల దొంతర. తెల్లది ఆఫీసుకి, గులాబీది ఫైలుకి, పసుపుది తనిఖీ జరిగిన షాపుకి. పసుపుది చింపి ఇర్మాకి ఇచ్చాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇదేమిటి?"

"మీ కాపీ అండీ. తనిఖీ పూర్తవగానే మీకివ్వాలి. ఫారం కింద రాసుంది."

"ఇన్నేళ్ళలో ఎవడూ ఇవ్వలేదే."

"రాసుందండీ," అన్నాను మళ్ళీ.

"ఫారం కిందదాకా చదివినదానివి నువ్వొక్కదానివే అన్నమాట," అంది. మొదటిసారి కుర్చీ చూపించింది. "కూర్చో. రోలీ పని చూసి వస్తాను. నువ్వు నిలబడితే నాకు తనిఖీలా ఉంటుంది."

వెనకనుంచి తన సొంత సిలిండరొకటి తెచ్చింది, కొత్త తేదీ ఉన్నది. దాని భుజం మీది ఖాళీ బరువు పైకి చదివింది: ఏడున్నర పౌండ్లు. తూకం మీద పెట్టి పెద్ద ట్యాంకు గొట్టం బిగించి, వాల్వు కొంచెం కొంచెంగా తిప్పింది. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంది. బుస్సుమని సన్నటి శబ్దం. అంకె నెమ్మదిగా ఎక్కుతుంటే రోలీ పాలు పొంగుతాయేమోనన్నట్టు కాపలా కాశాడు. పన్నెండున్నర దగ్గర, అంటే సరిగ్గా ఐదు పౌండ్ల గ్యాసు పట్టగానే, ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇంకొక్క అరపౌండు పొయ్యరాదూ," అన్నాడు రోలీ.

"పొయ్యను. శనివారమయ్యాక తెచ్చివ్వు. వాషరు మర్చిపోకు. కిందటేడు వాషరు లేకుండా బిగించి, తెల్లారేసరికి సిలిండరంతా గరాజుకి తాగించావు."

"అప్పట్నుంచీ గరాజు నాకంటే హుషారుగా ఉంది," అన్నాడు రోలీ సిలిండరు చంకలో పెట్టుకుంటూ. గుమ్మం దగ్గర ఆగి నన్నడిగాడు. "అమ్మాయీ, నా పాతది దొరుకుతుందంటావా?"

బోనులో ఖాళీవి ప్రతి శుక్రవారం నింపడానికి లారీలో మిల్వాకీ వెళ్ళిపోతాయి. ఆ మాటే చెప్పాను. అబద్ధం చెప్పి పంపడం కంటే అదే నయమనిపించింది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డ్వేన్ ఫారం చదువుతూ మొదటి వరుస దగ్గర బల్ల మీద చరిచాడు. "శభాష్! పదకొండు రోజులు! చెప్పానా, దొరుకుతుందని?" తొమ్మిదో గడి దగ్గర ఆయన పెదవులు కదలడం మానేశాయి. తలుపు మూసి వచ్చాడు.

"ఇది తీసెయ్."

"అది ఆ సిలిండరు మీద ఉందండీ. నేను తీసెయ్యలేను."

"తమాషాలొద్దు కార్లా. కొత్త ఫారం తీసుకో. తూకం సంగతి ఒక్కటే రాయి. నిన్ను పంపింది ఆవిడ షాపు చూడ్డానికి, మన బోను చూడ్డానిక్కాదు."

"ఆవిడ షాపులోనే కంటపడింది. తొమ్మిదో గడి..."

"తొమ్మిదో గడి, తొమ్మిదో గడి! ఆ గడి పెట్టినవాడికి కూడా గుర్తుండదు అది." గొంతు తగ్గించాడు. "కాలేజీ నుంచి కొత్తగా వచ్చావు. అర్థం చేసుకుంటాను. అన్నీ రాస్తే కంపెనీలు నడవవు. ఈ తెల్ల కాగితం, గులాబీ కాగితం చింపేస్తాను. పసుపుది కూడా ఇటివ్వు."

"అది ఆవిడకిచ్చాను."

ఆయన ఫారం బల్ల మీద పెట్టేశాడు. "ఇచ్చావా?"

"ఇవ్వాలని కింద ఉంది."

"ఎవరూ ఇవ్వరు! ఈ జిల్లా మొత్తమ్మీద ఎవరూ ఇవ్వరు! రేపు పొద్దున్నే వెళ్ళి తీసుకురా."

అమ్మ ఫ్రిజ్జు తలుపు గుర్తొచ్చింది. అయినా నోట్లోంచి మాట తడబడకుండానే వచ్చింది. "తీసుకురాను. నేను రాసింది తప్పని మీకనిపిస్తే, ఆ తప్పేదో చూపించండి. అప్పుడు నేనే వెళ్ళి ఆవిడ్ని క్షమాపణ అడిగి తీసుకొస్తాను."

ఆయన తప్పు చూపించలేదు. తన గది తలుపు చూపించాడు.

సాయంత్రం అమ్మకి ఫోనులో అంతా చెప్పాను. వెనక ఫ్యాక్టరీ బెల్టు చప్పుడు వినిపిస్తోంది. "ఇంకో రెండు నెలలు నోరు మూసుకుని ఉండలేకపోయావా?" అంది. "తర్వాత ఎంత నిజాయితీగా ఉంటే ఎవరొద్దన్నారు?"

"రెండు నెలల్లో ఆ సిలిండర్లు ఎంతమంది కార్లలో ఎక్కుతాయో తెలీదమ్మా."

అమ్మ అడిగింది: "నీ సంతకం ఉందా దాని మీద?"

"ఉంది."

"ఉంటే ఇంకేముంది. అన్నం తిను," అని పెట్టేసింది. చీజు పెట్టెల మీద తయారీ తేదీ ముద్ర అమ్మే వేస్తుంది, ఇరవై రెండేళ్ళుగా.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తెరవగానే మొదట కౌంటీ ఆఫీసుకి ఫోను చేశాను. తూకం లోపం రాసినప్పుడు వాళ్ళకి తెలియజేయాలి, అదీ ఫారం కిందే ఉంది. గ్యాసు కంపెనీ భద్రతా విభాగం నుంచి అనేసరికి ఆ పిల్ల కొత్త అధికారికి లైను కలిపింది. ఆయన మధ్యాహ్నమే వస్తానన్నాడు.

పది గంటలకి డ్వేన్ తనే బయల్దేరాడు, నన్ను వ్యాను నడపమని. "నేను అడుగుతాను, నువ్వు నోరెత్తకు," అన్నాడు.

ఇర్మా షాపు ముందు ఆగాక అడగాల్సిన అవసరమే లేకపోయింది. పసుపు కాగితం తలుపు అద్దానికి లోపలినుంచి అంటించి ఉంది, రోడ్డు మీదికి కనపడేలా. బయట ఇద్దరు సిలిండర్లతో నిలబడి చదువుకుంటున్నారు. ఒకాయన రెండోవాడికి వినిపిస్తున్నాడు: "...చీటీ గడువు పదకొండు రోజులు దాటినది, తూకము సరిగానే ఉన్నది... చూశావా, ఇర్మా తప్పు కూడా రాసింది ఈ పిల్ల."

డ్వేన్ వాళ్ళని తోసుకుని లోపలికి వెళ్ళాడు. "ఆ కాగితం కంపెనీది. తీసి ఇవ్వండి."

"నా కాపీ నాయనా అది. చదవడం రాదా, కింద రాసుందట." ఇర్మా ఓ ఎర్ర సిలిండరు మీటరు బిగిస్తూ అంది.

"ఇర్మా, తెలివిగా ఆలోచించండి. దాని మీద మొదటి వరుస మీ తప్పే. నలుగురికీ మీరే చూపించుకుంటున్నారు."

"నా తప్పు నేను చూపించుకోనా? నీ చేత చూపించుకోవాలా?"

"ఆ వరుస ఒక్కటి చాలు, నేను రేపు మీ గ్యాసు ఆపడానికి."

ఆవిడ స్పానరు కింద పెట్టి, బల్ల చుట్టూ నడిచొచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన చొక్కా పై గుండీ దాకా వచ్చింది ఎత్తు. "ఆపు. ముప్ఫై ఏళ్ళు నడిపాను, ఆపితే గల్లాపెట్టె మూసి చేపలు పట్టుకుంటాను. కానీ 'ఎందుకు ఆపారు ఇర్మా' అని అడిగే ప్రతివాడికీ ఈ కాగితమే చేతికిస్తాను. పై వరుస చదివినవాడు కింది వరుస చదవకుండా వదుల్తాడా? నా తప్పు పదకొండు రోజులది. నీ తప్పు రెండేళ్ళది, దాని మీద పెయింటు కూడా వేశావు. ఏది ముందు సరిచేస్తావో నీ ఇష్టం."

బయటున్న ఇద్దరూ లోపలికొచ్చారు. సిలిండర్లు నేల మీద దించి, డ్వేన్ వైపు చూస్తూ నిలబడ్డారు.

డ్వేన్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఆవిడకి."

నోరెత్తకు అన్నది ఆయనే. ఎత్తమన్నదీ ఆయనే. "ఇర్మా గారూ, మధ్యాహ్నం కౌంటీ నుంచి అధికారి వస్తున్నాడు. చీటీ అంటించగానే నాకు ఫోను చేయండి. మొదటి వరుస సరిచేసినట్టు ఇవాళే రాసి పంపుతాను," అన్నాను.

తిరుగుదారిలో నేను వేగపరిమితిని ఒక్క మైలు కూడా దాటకుండా నడిపాను.

మూడింటికి ఇర్మా ఫోను చేసింది. "అంటించాడు. చిన్నపిల్లాడు, తూకం కంటే వాడే బరువు తక్కువ," అంది. పసుపుది బయట ఉండగా డ్వేన్ చింపలేకపోయిన గులాబీ కాగితం మీద, మొదటి వరుస ఎదురుగా "సరిచేయబడినది" అని రాసి తేదీ వేశాను. దాంతో సరఫరా ఆపడానికి కాగితం మీద కారణమేదీ మిగల్లేదు. గురువారం పదింటికి మా ట్యాంకరు ఇర్మా షాపు వెనక ఆగి గొట్టం బిగించిందని డ్రైవరు చెప్పాడు.

తొమ్మిదో గడిలో రాసింది మాత్రం అలాగే ఉంది.

శుక్రవారం పొద్దున్న తీగల బ్రష్షూ, పెయింటు మందూ, ఎర్ర చీటీల కట్టా తీసుకుని డిపో వెనక బోను దగ్గరికి వెళ్ళాను. రాత్రి చినుకులు పడ్డాయి, ఇనుము చేతులకి అతుక్కునేంత చల్లగా ఉంది. నింపి అమ్మకానికి పెట్టినవి బోనులో రెండు వందల పైన ఉన్నాయి. మొదటిది బయటికి లాగి భుజం రుద్దాను. తేదీ బాగుంది. పక్కన పెట్టాను. రెండోది బాగుంది. మూడోదాని మీద పెయింటు గట్టిగా ఉంది. అంకెలు బయటపడేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆరేళ్ళు. ఎర్ర చీటీ కట్టాను: అమ్మకూడదు.

ఐదోదాని దగ్గర డ్వేన్ వచ్చాడు, కోటు లేకుండా, కాఫీ కప్పుతో.

"ఏం చేస్తున్నావు?"

"తనిఖీ అండీ. తొమ్మిదో గడిలోది సరిచేసినట్టు రాయాలంటే చూడాలి కదా."

"నిన్ను ఎవరు చెయ్యమన్నారు?"

"నా నియామక పత్రంలో ఉంది. కంపెనీ గ్యాసు నింపే, అమ్మే ప్రతిచోటా అని. ఇది కూడా అమ్మే చోటే."

"ఆపు. లోపలికి వెళ్ళి కూర్చో."

నేను లేచి నిలబడ్డాను. జేబులోంచి ఓ ఖాళీ ఫారమూ పెన్నూ తీసి ఆయన ముందు పెట్టాను. "ఆపమని రాసి సంతకం పెట్టండి. వెంటనే ఆపేస్తాను. ఎందుకు ఆపమంటున్నారో కూడా రాయండి, దానికో గడి ఉంది."

కాఫీ మీంచి ఆవిరి లేస్తోంది. ఆయన పెన్ను వైపు చూశాడు, బోను వైపు చూశాడు, నేను కట్టిన ఎర్ర చీటీ వైపు చూశాడు. పెన్ను తీసుకోలేదు.

"నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, గుర్తుంచుకో," అన్నాడు.

"గుర్తుందండీ. అది కూడా రాయండి."

ఆయన వెళ్ళిపోయాడు. నేను ఐదోదాన్ని ముందుకు లాగాను.

పదకొండింటికి కట్టలోని ఇరవై ఐదు చీటీలూ అయిపోయాయి. ఇంకా సగం బోను కూడా కాలేదు. చీటీల స్టాకు డ్వేన్ గదిలో ఉంటుంది. చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నన్ను చూసి ఆపాడు. నేను ఆయన బల్ల వెనక అరలోంచి యాభై చీటీల కట్ట తీసుకుని, స్టాకు పుస్తకంలో నా పేరూ టైమూ రాసి సంతకం పెట్టి, తలుపు తెరిచే వదిలేసి మళ్ళీ వెనక్కి వెళ్ళాను.